కొరడా ఎవరి చేతిలో ఉంది?

‘హంటర్‌వాలీ’ని గురించి మన విమర్శకులలో రెండు వాదాలున్నాయి. గుర్రాలూ ముసుగులూ వున్న స్టంటు చిత్రానికి విమర్శ ఎందుకని పెదవి విరిచే పండితులది పాత వాదం. ఆడది కొరడా పట్టి మగవాళ్ళను తరిమింది గనుక అది విప్లవ చిత్రమని జేజేలు కొట్టేవారిది కొత్త వాదం. రెంటినీ నేను అంగీకరించను. మిల్లు కూలీలు ఈలలు వేసి చూసిన కథను తోసిపారేసే హక్కు సాహిత్య విమర్శకుడికి లేదు. ఆ ఈలలు విని కథలోని వర్గ స్వభావాన్ని మరిచిపోయే హక్కు అభ్యుదయవాదికి అసలే లేదు.

హోమీ వాడియా దర్శకత్వంలో వాడియా మూవీటోన్ ఈ చిత్రాన్ని 1935లో బొంబాయిలో తీసింది. దుష్టమంత్రి రణమల్ రాజును చెరబట్టి రాకుమారి మాధురిని పెళ్ళాడజూస్తాడు. ఆమె ముసుగు వేసుకుని, బీదల పాలిటి రక్షకురాలై బయలుదేరుతుంది. మాధురి వేషం వేసిన నాదియా ప్రమాదకరమైన విన్యాసాలన్నీ స్వయంగా చేసింది. పతి పాదాల దగ్గర కన్నీరు కార్చడమే నాయిక ధర్మమనుకున్న తెరమీద అది చిన్న మార్పు కాదు. ఆ మేరకు గౌరవించవలసిందే.

కాని పొరపాటు పడేవాడెవడో చూడండి. రాజుగారి కారు గుద్దితే, పరిహారంగా ఇచ్చిన బంగారాన్ని తిప్పికొట్టిన సామాన్యుడు జస్వంత్. చిత్రం మొత్తంలో ప్రజల ఆత్మగౌరవం పలికిన ఘట్టం అదొక్కటే. ఆ జస్వంతే తర్వాత ముసుగు మనిషి ఎవరో తెలియక, తన గుర్రాన్ని ఎత్తుకుపోయిందన్న కోపంతో ఆమెను పట్టి రణమల్‌కు అప్పగించబోతాడు. తెలిసినది రాకుమారికి, తెలియనిది సామాన్యుడికి. బీదలకు రక్షకురాలు దొరికింది గాని, ఆమె కోటలోంచి వచ్చిందన్న నిజం దొరకలేదు. ముసుగు తీసేసరికి గద్దె భద్రం, రైతు పన్ను యథాతథం.

రణమల్ అంటే తెల్లదొర, సెన్సారు భయంచేత జానపదం చాటున చెప్పారని కొందరంటారు. నిర్మాత జె.బి.హెచ్. వాడియా ఎం.ఎన్. రాయ్ అనుచరుడని గుర్తు చేస్తారు. కావచ్చు. అయితే చెరలో వున్న ఆ మంచి రాజు ఎవరు? 1935లో సంస్థానాధీశులు చెరలో లేరు. ఆ ఏటి భారత ప్రభుత్వ చట్టం వారికి ఫెడరల్ శాసనసభలో పీటలు వేసి పిలిచింది. నైజాం ఏలుబడిలో మన తెలంగాణా రైతు వెట్టిచాకిరీ చేస్తున్న రోజులవి. ఆ రైతుకు కొరడా అంటే రక్షణ కాదు. దొర గడీలో వీపు మీద పడే దెబ్బ. దొర ఇంటి ఆడపిల్ల చేతికి మారినంతమాత్రాన అది ప్రజల ఆయుధమైపోతుందా?

ఏ వీరనారి కథ చేతికొచ్చినా నా విద్యార్థులను నేను రెండు ప్రశ్నలడుగుతాను. ఆమె ఎవరో ఆ ఊరి జనానికి తెలుసా? ఆమె గెలిచిన మర్నాడు భూమి ఎవరి పేర వుంది? ఉపాధ్యాయ మిత్రులు కూడా వాటిని తరగతిలో అడగాలని నా కోరిక.