చిమ్మిలి పంచని ముచ్చట

నేను పెద్దమనిషినైతే మా అమ్మ వీధంతా పిలిచి పేరంటం చేసింది. నన్ను చాపమీద కూర్చోబెట్టి అందరికీ చిమ్మిలి పంచింది. నా సిగ్గు ఎవరిక్కావాలి? ఇప్పుడు నలభై ఏడేళ్లకి ఆ ముట్టే ఆగిపోతోందంటే మాత్రం అందరికీ ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది!

ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు... ఇవైతే ఏదో చెవిన పడ్డవే. మిగతావి ఎవరు చెప్పారండీ? జడ వేసుకోబోతే భుజం లేవదు. ఎముకల డాక్టరు. అర్ధరాత్రి గుండెదడ. గుండె డాక్టరు. నోరు మంట. పళ్ల డాక్టరు. రాస్తున్న నవలలో కథానాయిక పేరే మరచిపోతే మావారు "వయసు మీద పడుతోందోయ్" అని నవ్వేశారు. పరీక్షలు వద్దనను. కానీ ఇంతమందిలో ఒక్కరైనా "నెలనెలా సరిగా వస్తోందా అమ్మా?" అని అడగలేదే!

మన దేశంలో ఆడవాళ్లకి సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడుగుతాయి. అంతకు కొన్నేళ్ల ముందునుంచే ఈస్ట్రోజన్ హెచ్చుతగ్గులవుతుంది. అది గర్భసంచికే కాదు, మెదడుకీ, కీళ్లకీ, చర్మానికీ కూడా కావలసిందే. చికిత్సలున్నాయి. అడగాలంటే ముందు నోరు విప్పాలిగా!

"మేమంతా ఓర్చుకోలేదూ?" అంటారు మా అత్తగారు. ఓర్చుకున్నారు, నిజమే. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ అర్ధరాత్రి లేచి వీధరుగు మీద కూర్చునేవారు. పొద్దున్నే అయినదానికీ కానిదానికీ విరుచుకుపడేవారు. ఆవిడకప్పుడు నలభై ఎనిమిది. ఇంటిల్లిపాదీ ఆవిడకి పెట్టిన పేరు "గయ్యాళి".

నేనూ అన్నాను.