ఇద్దరాడే ఆట

వీడియో గేములు పిల్లల కాలక్షేపమనీ, కళ్ళకు చేటనీ యీ పుటలోనే మేము లోగడ రెండుమూడు పర్యాయాలు వ్రాసివున్నాము. ఆ మాట పూర్తిగా వెనుకకు తీసుకోవడం లేదు గాని, మొన్న సంక్రాంతి సెలవులకు మా మేనల్లుడు, అతని భార్య, ఆరేళ్ళ పాప మా యింటికి వచ్చి, టీవీకి తగిలించి ఆడిన ఒక ఆట మమ్మల్ని సందేహంలో పడవేసింది.

దాని పేరు ‘ఇట్ టేక్స్ టూ’. స్వీడన్‌లోని హేజ్‌లైట్ అనే సంస్థ తయారుచేయగా 2021లో వెలువడింది. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినవాడు. ఆ యేటి మేటి ఆటగా ‘ది గేమ్ అవార్డ్స్’ బహుమతి కూడా పొందింది. కోడీ, మే అనే దంపతులు విడిపోదలచుకొంటారు. ఆ సంగతి విన్న కూతురు రోజ్ కన్నీరు తన రెండు బొమ్మల మీద పడగా, తల్లిదండ్రులిద్దరూ ఆ బొమ్మలైపోతారు. మళ్ళీ మనుషులు కావడానికి గెంతుతూ, ఎక్కుతూ, దూకుతూ తమ యింటి మూలమూలలా తిరగవలసి వస్తుంది. మధ్యమధ్య హకీం అనే మాట్లాడే పుస్తకం ఒకటి ప్రత్యక్షమై, కాపురాన్ని గురించి హితబోధ చేస్తుంది. మాకైతే పిలవని పేరంటానికి వచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్యలా తోచాడు.

ఈ ఆట ఒంటరిగా ఆడటానికి వీలే లేదు. మాకు నచ్చినది అదే. కొట్టంలో భర్త గోడకు మేకులు విసిరితే, భార్య సుత్తితో వాటిని పట్టుకొని, ఊగుతూ అవతలకు దాటాలి. మరొకచోట ఒకరి దగ్గర అయస్కాంతపు యెర్ర ముక్క, రెండోవారి దగ్గర నీలి ముక్క. ఒకరు యేమరితే యిద్దరూ ఆగవలసిందే. మావాళ్ళు వచ్చిననాడు అవసరానికి మించి ఒక మాట మాట్లాడుకోలేదు. కారణం మేము అడగలేదు. మూడోనాటికి “యిప్పుడు దూకు”, “ఆగండాగండి, నేను రావద్దూ” అని గదిలోంచి వినబడుతుంటే, వంటింట్లో మా యింటావిడ ముఖం చూడవలసింది.

ఐతే అందులో ఒక ఘట్టం వున్నది. కూతురు యేడిస్తే తాము మళ్ళీ మనుషులమౌతామని తలచి, ఆ దంపతులు ఆమెకు ప్రాణమైన గుడ్డయేనుగును చంపబూనుకొంటారు. అది బతిమాలుకొంటుంది. ఈడ్చుకుపోతుంటే చెవి చిరుగుతుంది. చివరకు పైనుంచి త్రోసివేస్తారు. కూతురు యేడవనే యేడుస్తుంది, మంత్రం మాత్రం వీడదు. ఇదంతా ఆడేవారే తమ చేతులతో మీట నొక్కి చేయాలి. లేకుంటే కథ సాగదు. అమ్మాయి కంట్రోలరు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. “ఆటే కదా, కానీ” అన్నాడు మావాడు. కొంతసేపటికి నొక్కింది. మా ప్రక్కనున్న పాప లేచి, తన కుందేలుబొమ్మను తీసుకొని పెరట్లోకి వెళ్ళిపోయింది.

అస్తమానం కీచులాడుకొనే ఆ దంపతులు ఆ పాడుపనికి మాత్రం ఒక్క మాట మీద నిలిచారు! పెద్దలు ఏకమైనంత మాత్రాన పిల్లకు మేలు జరగదని చెప్పడానికే అలా కల్పించారంటే మెచ్చుకొందుము. కాని ఆ పనికి వారు తగినంత చింతించినట్లు మాకు కనబడలేదు. వెంటనే మరో వింతలో పడిపోయారు.

చివరలో, తలిదండ్రుల తగవుకు తానే కారణమనుకొని, రోజ్ చీటీ వ్రాసిపెట్టి యిల్లు విడిచిపోతుంది. వారు వెదకి పట్టుకొని, తప్పు నీది కాదని చెబుతారు. ఇకమీదట కలిసే వుంటారా అన్నది ఆట తేల్చదు. అది బాగున్నది. ఆ భాగం ఆడేటప్పుడు మావాళ్ళు పాపను పిలిచి మధ్య కూర్చోబెట్టుకొన్నారు. అంతా చూసి, “మరి యేనుగో?” అన్నది పాప. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు.

దంపతులు ఆడదగిన ఆటే. చిన్నపిల్లలను మాత్రం ఆ యేనుగు ఘట్టం వేళకు నిద్రపుచ్చండి. మీ యింట యెవరైనా ఆడివుంటే, అక్కడ మీవాళ్ళు యేమి చేశారో మాకు ఒక కార్డు ముక్క వ్రాయగలరు.