కూలీ – 1

అడవి అంచు ముచ్చట్లు: 17వ భాగం



కొత్తగూడెం యూనివర్సిటీ ఫొటోలు మన పిల్లలు ఇంకా పంచుతూనే ఉన్నారు. 1970లలో గనుల చదువు కోసం పెట్టిన మన స్కూల్ ఆఫ్ మైన్స్, 2025లో మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. నాకూ సంతోషమే. మన గడ్డకు చదువు రావద్దని ఎవరంటారు? కానీ ఆ బోర్డు ముందు సెల్ఫీ దిగే ముందు ఒక్క ప్రశ్న అడగండి. లోపల జీతం తీసుకునేది ఎవరు?

ముందు నా సంగతి చెప్తా.

పదిహేనేళ్ల కిందట ఒక యూనివర్సిటీ పర్యావరణ శాఖ వాళ్లు మా వైపు నీళ్ల పరీక్షలకు వచ్చారు. పేరు రాయను. నా తగువు ఒక్క యూనివర్సిటీతో కాదు. అప్పటికి బీఎస్సీ పాసై ఖాళీగా ఉన్నా. కిన్నెరసాని గోదావరిలో కలిసే బూర్గంపాడు నుంచి పైకి పదకొండు రోజులు వాళ్లతో తిరిగా. డబ్బాలు మోశా. ఏ బోరు నీళ్లకు పప్పు ఉడకదో, ఏ బావి నీళ్లు ఎండాకాలం రంగు మారతాయో మా పెద్దమ్మను అడిగి చెప్పా. మాదిగవాడ చేతిపంపు దాకా వాళ్లు రాలేదు. నేనే పోయి సీసా నింపుకొచ్చా.

ఆఖరి రోజు ఓచరు మీద సంతకం పెట్టబోతే ఆఫీసు ఆయన ఇంకు ప్యాడ్ నా ముందుకు జరిపాడు. "సార్, నేను డిగ్రీ చదివా" అన్నా. "కూలీ ఓచరుకు వేలిముద్రే బాబూ, ఆడిట్ వాళ్లు అడుగుతారు" అన్నాడు. నా పేరు ఉండాల్సిన చోట 'కూలీ – 1' అని రాసి ఉంది. తర్వాత వచ్చిన రిపోర్టులో మా పెద్దమ్మ 'స్థానికులు' అయింది. నేను అది కూడా కాలేదు.

ఆయన చెడ్డవాడని కాదు నా బాధ. ఆయన దగ్గర ఉన్న ఫారంలో నాకు వేరే గడి లేదు. నేను అడిగేది ఆ ఫారం గురించే.

డిపార్ట్‌మెంటు అంటే గోడ మీద ఫొటోలున్న ప్రొఫెసర్లే కాదు. ల్యాబ్ అటెండరు, సీసాలు కడిగే అమ్మ, శాంపిళ్లు మోసేవాడు, జీపు డ్రైవరు, బాత్రూములు కడిగే ఔట్‌సోర్సింగ్ మనిషి, అందరూ కలిస్తేనే డిపార్ట్‌మెంటు. పై కుర్చీ నుంచి కిందికి దిగే కొద్దీ కులం ఎట్లా మారుతుందో ఏ క్యాంపస్‌కైనా పోయి మీరే చూసుకోండి. పర్యావరణం పాఠం చెప్పేది ఒకరు, పర్యావరణాన్ని ఊడ్చేది ఇంకొకరు.

ఎం.సి. మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలంది. పన్నెండేళ్లకు డిగ్రీలో ఆరు నెలల పేపరు వచ్చింది. పేపరు తప్పనిసరి అయింది గానీ పోస్టు కాలేదు. చాలా కాలేజీల్లో ఆ క్లాసు బోటనీ సారో, గంటల లెక్కన వచ్చే గెస్ట్ సారో చెప్తారు. గంటల లెక్కన మనిషిని పెట్టుకునే చోట రోస్టర్ ఎవరు చూస్తారు?

రోస్టర్ అంటే గుమాస్తా లెక్క అనుకోకండి. 2018 మార్చిలో యూజీసీ రిజర్వేషన్‌కు యూనివర్సిటీ మొత్తాన్ని కాదు, ఒక్కో డిపార్ట్‌మెంటును లెక్కగా తీసుకోమంది. దాన్నే 13 పాయింట్ల రోస్టర్ అన్నారు. అందులో 4వ పోస్టు ఓబీసీకి, 7వది ఎస్సీకి, 14వది ఎస్టీకి. పర్యావరణ శాఖలు చిన్నవి. ఆరు పోస్టులున్న శాఖలో ఎస్సీ లెక్కలోకే రాడు. ఆదివాసీ రావాలంటే పద్నాలుగు పోస్టులుండాలి. రాజ్యాంగంలో ఒక్క అక్షరం కొట్టేయలేదు, భాగహారం మార్చారు, అంతే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. మార్చి 5న భారత్ బంద్ చేస్తే తప్ప ఆర్డినెన్సు రాలేదు. ఆ ఏడాదే చట్టమైంది. అది కేంద్ర సంస్థలకు. ములుగు సమ్మక్క సారక్క యూనివర్సిటీకి వర్తిస్తుంది. కొత్తగూడెంది రాష్ట్రానిది. ఇక్కడ మన కాపలా మనమే కాయాలి.

"సైన్సుకు కులమేంటి అన్నా?" అని అడిగే తమ్ముళ్లున్నారు. నీటిలో ఫ్లోరైడు కొలిచే యంత్రానికి కులం లేదు, నిజమే. కానీ ఏ బావి నీళ్లు కొలవాలో చెప్పేది మనిషి. ఆ మనిషి మా వాడ చేతిపంపు దాకా నడవకపోతే అక్కడి అంకె పుస్తకంలోకి ఎట్లా వస్తుంది? ఈ దేశంలో నీళ్ల మీద హక్కు పాఠం 1927 మార్చి 20న మహాడ్ చెరువులో అంబేడ్కర్ దోసిట్లో మొదలైందని నేను నమ్ముతా. నేను చదివిన పర్యావరణం పుస్తకంలో చిప్కో ఉంది, మహాడ్ లేదు.

పాలసీ అంటారా, 2006 అటవీ హక్కుల చట్టం చూడండి. గిరిజనేతరుడు 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవి మీద బతికినట్టు రుజువు చూపాలి. లెక్కేస్తే 1930. అప్పుడు మా తాత నిజాం రాజ్యంలో వెట్టి చేస్తున్నాడు. వెట్టివాడికి కాగితం ఎవరిచ్చారు? ఈ ప్రశ్న ఆ ఇంటి నుంచి వచ్చిన టీచరుకు తట్టినంత తొందరగా ఇంకొకరికి తట్టదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మమ్మల్నీ కోయ, కొండరెడ్డి అన్నదమ్ములనూ పోస్టుల దగ్గర కొట్లాడించే వాళ్లుంటారు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మాలో కొందరు సంతోషపడ్డారు. నేను పడలేదు. ఈ అడవి మీద మొదటి మాట ఆదివాసీదే. మేం అడిగేది వాళ్ల కుర్చీ కాదు. ఇద్దరినీ బయట నిలబెట్టి ఖాళీగా ఉంచిన కుర్చీలు.

అందుకే అడుగుతున్నా:

1. యూనివర్సిటీలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, రోస్టర్‌లో ఏది ఎవరిదో గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 10 శాతం కాగితం మీద కాదు, హాజరు పట్టీలో కనపడాలి.

2. గెస్ట్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ ఏ పేరుతో తీసుకున్నా రోస్టర్ ప్రకారమే తీసుకోవాలి.

3. ఊళ్లో దారి చూపినవాడు, శాంపిల్ మోసినవాడు, బావి గుట్టు చెప్పిన అమ్మ పేరుతో సహా రిపోర్టులోకి రావాలి. రిపోర్టు తెలుగులో ఆ ఊరికి తిరిగి రావాలి.

సింగరేణి ఓపెన్ కాస్టులు, పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాలు, సారపాక పేపరు మిల్లు, అశ్వాపురం భారజల కేంద్రం అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. పర్యావరణం చదవడానికి ఇంతకన్నా పెద్ద ల్యాబ్ ఎక్కడుంది? ఆ ల్యాబ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు అందులో సీసాలు మోయడానికే పనికొస్తారా?

మా పెద్దమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె చెప్పిన బావి ఆ రిపోర్టులో ఇంకా ఉంది. ఆమె మనవరాలు ఈ ఏడాది డిగ్రీలో పర్యావరణం పేపరు రాస్తోంది. రేపు ఆ పిల్ల ముందుకు ఎవరైనా ఇంకు ప్యాడ్ జరిపితే ఈసారి నేను ఊరుకోను. మీరూ ఊరుకోవద్దు.

వచ్చే భాగంలో ఆర్టీఐ అర్జీ ఎట్లా రాయాలో చెప్తా. కలిసి పెడదాం.

జై భీమ్.