డాల్ఫిన్ నోటికాడి కూడు

మన చందుర్తికి సముద్రం చాలా దూరం. మనకు చేపంటే చెరువు చేపే. అయినా ఈ సంగతి హాస్టల్ పిల్లలకు తొందరగా అర్థమవుతుందని మా నమ్మకం. విశాఖ, కాకినాడ తీరాల్లో కనిపించే డాల్ఫిన్లను చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మరి అవి తినే కవళ్ల వంటి చిన్న చేపలను మరబోట్లు ఊడ్చుకుపోతే? రిజిస్టర్‌లో పేరుండి మెస్సులో అన్నం లేనట్టే కదా! ఆ చేపల్లో కొన్ని మనుషుల పళ్లెంలోకీ రావు, పొడిచేసి రొయ్యల మేతలో కలుపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతున్నారు. మంచిదే. మిగతా పది నెలలు? తెప్ప మీద పోయే పేద మత్స్యకారుణ్ణి మేము తప్పుపట్టం. పిల్ల చేపలను సైతం లాగే సన్నకన్ను వలలను, మేత మిల్లులకు పోయే చేపలను సర్కారు గట్టిగా అదుపు చేయాలంటున్నాం.