హక్కు సాధించారు, ఇక అడగాల్సింది మనమే

ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 అఫిడవిట్ దాఖలు చేయాలి. తనపై ఉన్న కేసులు, తన పేరిటా జీవిత భాగస్వామి పేరిటా ఉన్న భూములు, బంగారం, అప్పులు, చదువు అన్నీ అందులో ప్రమాణపూర్వకంగా చెప్పాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, ఏమీ లేకపోతే ‘లేదు’ అనైనా రాయాలి. ఈ వివరాలు తెలుసుకునే హక్కు ఏ ప్రభుత్వమూ దయతలచి ఇచ్చింది కాదు.

1999లో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు కొందరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) పేరుతో, అభ్యర్థుల వివరాలు ఓటర్లకు తెలియాలంటూ ఢిల్లీ హైకోర్టుకెక్కారు. అక్కడ గెలిచారు. కేంద్రం అప్పీలుకు వెళ్తే 2002 మేలో సుప్రీంకోర్టూ ఓటరు పక్షానే నిలిచింది. వెంటనే పాలకులు ఆర్డినెన్స్‌తో, ఆపై చట్ట సవరణతో ఆ తీర్పుకు గండికొట్టారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్, మన లోక్‌సత్తా, ఏడీఆర్ మళ్లీ పోరాడాయి. 2003 మార్చి 13న ఆ సవరణ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. 2024లో పార్టీలకు గుప్త విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లు రద్దవడంలోనూ ఏడీఆర్ పోరాటం ఉంది.

మరి ఫలితమేమిటి? కేసులున్నట్టు స్వయంగా ప్రకటించిన లోక్‌సభ సభ్యులు 2009లో 30 శాతం, 2024లో 46 శాతం. రాజకీయ కక్షతో పెట్టిన కేసులూ, ధర్నా కేసులూ వీటిలో ఉంటాయి, నిజమే. కానీ 2024లో గెలిచినవారిలో 170 మందిపై ఉన్నవి తీవ్రమైన నేరాభియోగాలు. అలాంటివారికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు చెప్పాలనీ, గెలుస్తారన్నది ఒక్కటే కారణం కారాదనీ 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ‘ప్రజాదరణ ఉంది’ అని రాసి పార్టీలు చేతులు దులుపుకుంటున్నాయి.

ఇది ఏడీఆర్ వైఫల్యం కాదు. సమాచారం ఇప్పించడం దాని పని, దాన్ని వాడుకోవడం మన పని. తీవ్ర నేరాల్లో అభియోగాలు నమోదైనవారిని పోటీకి దూరంగా ఉంచే చట్టం చేయాల్సింది పార్లమెంటేనని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చట్టం ఇంకా రాలేదు. గుప్పెడుమంది ఆచార్యులు అడిగితే రాదు, ఓట్లు పోతాయన్న భయం పుడితేనే వస్తుంది.

అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఈసారి ఓటు వేసే ముందు మీ అభ్యర్థిది చదవండి. ప్రచారానికి మీ వీధికి వచ్చినప్పుడు, అందులో ఉన్న కేసుల గురించి నలుగురిలో నిలదీసి అడగండి.