కుటుంబ వైద్యుడు - దంతరక్షణ

పన్ను నొప్పి పుట్టినవారిలో పలువురు మొదట లవంగ నూనె రాసుకొంటారు. కొందరు ఆస్పిరిన్ బిళ్లను చిగురుపై అదుముకొంటారు. దానివల్ల చిగురు కాలుతుందే తప్ప నొప్పి మూలం పోదు. చివరకు వారు వెళ్లేది జ్వరానికీ దగ్గుకూ మందిచ్చే కుటుంబ వైద్యుని వద్దకే. ఆయన చికిత్స చేయాలా? పన్ను తన పని కాదని పంపివేయాలా?

దేహం వేరు, పన్ను వేరు అనే భావన ప్రాచీనులకు లేదు. సుశ్రుత సంహిత ముఖరోగాలను కూడ తక్కిన రోగాలతో పాటే నిరూపించింది. ఆధునిక కాలంలో ఇవి రెండు వృత్తులైనాయి. 1948 నాటి దంతవైద్యుల చట్టం భారతదేశంలో దంతవైద్యానికి ప్రత్యేక ప్రతిపత్తిని కల్పించింది. ఈ విభజన వల్ల నైపుణ్యం పెరిగింది. కాని రోగి దేహం రెండుగా విడిపోలేదు.

మధుమేహం అదుపు తప్పితే చిగుళ్ల వ్యాధి ముదురుతుంది. చిగుళ్ల వ్యాధి ముదిరితే రక్తంలోని చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది. దవడ నొప్పి ఒక్కొక్కప్పుడు గుండెపోటుకు సూచన కావచ్చు. రోగి పూర్వచరిత్ర ఎరిగిన కుటుంబ వైద్యుడు ఇట్టివాటిని ముందుగా గుర్తించగలడు. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్ట వెలిగిన కొసను నోటిలో ఉంచుకొని పీల్చే 'అడ్డపొగ' అలవాటు ఉంది. అది అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుంది. నాలుక చాపమనే వైద్యుడు టార్చిలైటుతో అంగిలిని కూడ పరిశీలిస్తే ఒక ప్రాణం నిలువవచ్చు.

అట్లని కుటుంబ వైద్యుడే పన్ను పీకాలనీ, పుచ్చును పూడ్చాలనీ అనడం సమంజసం కాదు. దానికి ప్రత్యేక శిక్షణ, పరికరాలు కావాలి. దంతవైద్యుడు దూరాన ఉన్న పల్లెలో నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు ఇచ్చి పంపడం సులభమే. నొప్పి తగ్గగానే రోగి నయమైందనుకొంటాడు. లోపలి చీము మాత్రం దవడకూ మెడకూ పాకి ఊపిరికే అడ్డు కావచ్చు. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరమయ్యేది ఇట్లే.

కనుక నోటిని పరీక్షించడం, తాత్కాలిక ఉపశమనం కలిగించడం, రోగి వాడుతున్న మందుల వివరాలతో చీటీ రాసి దంతవైద్యుని వద్దకు పంపడం కుటుంబ వైద్యుని విధులు కావాలి. ముఖం వాచి, నోరు తెరుచుకోని రోగిని తక్షణమే పెద్దాసుపత్రికి చేర్చాలి. తొలి పరీక్ష ఒకరి ధర్మం. తుది చికిత్స మరొకరి ధర్మం. నడుమ రోగిని ఒంటరిగా విడువకపోవడం ఇద్దరి ధర్మం.