సైనైడు డబ్బాకు తాళం ఎవరు వేస్తారు?

విజయవాడ: మెట్ట పొలాల్లో పశువులు కాసే వాళ్ళకు "నాము" అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వానలు మొహం చాటేసి వాడిపోయిన లేత జొన్న గాని, కోత కోసిన తరువాత మోళ్ళ నుంచి లేచిన పిలకలు గాని మేసిన గేదె, చేలో నుంచి ఇల్లు చేరక ముందే కాళ్ళు కొట్టుకుని పడిపోతుంది. పశువుల డాక్టరు సకాలంలో వచ్చి నరానికి సూది వేస్తే బతుకుతుంది, లేకుంటే లేదు. ఆ నాములో వున్న విషం పేరే సైనైడు. జొన్న మొక్కలో దానంతట అదే పుట్టే ఈ విషం, నగల పూత పని జరిగే చోట్ల తెల్లని పొడిగా, బిళ్ళలుగా డబ్బాల్లో వుంటుంది. చేలో వున్న విషానికి రైతు జాగ్రత్త పడుతున్నాడు. డబ్బాలో వున్న విషానికి జాగ్రత్త పడవలసిన వారు ఎవరన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి వెల్లడించిన వివరాలు కృష్ణా, గోదావరి జిల్లాల ప్రజలను నివ్వెరపరచాయి. గుప్తనిధులు చూపిస్తానని, బియ్యాన్ని లాక్కునే నాణెం ఇప్పిస్తానని, రెండు తలల పాము తెస్తానని నమ్మించి, డబ్బూ నగలూ తీసుకుని రమ్మని, ప్రసాదంలో సైనైడు కలిపి పెట్టి, సుమారు 20 నెలల కాలంలో కృష్ణా, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 10 మందిని చంపాడన్నది అభియోగం. వంటిమీద దెబ్బ లేదు, నెత్తురు చుక్క లేదు. గుండె ఆగిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చి దహనం చేసిన మరణాలు కూడా వాటిలో వున్నాయి. ఆ సైనైడు విజయవాడలో నికెల్ పూత పని చేసే ఒకరి దగ్గర నుంచి అతనికి చేరిందని పోలీసులు అప్పుడే చెప్పారు.

అయిదేళ్ళు తిరగకుండానే, 2024 సెప్టెంబరులో, కృష్ణకు ఆవలి గట్టున తెనాలిలో ముగ్గురు స్త్రీలను పోలీసులు అరెస్టు చేశారు. తాగే వాటిలో సైనైడు కలిపి ఇచ్చి నలుగురి ప్రాణాలు తీశారన్నది వారి మీద మోపిన నేరం. ఎవరు దోషులో, ఎవరికి ఎంత శిక్షో కోర్టులు తేలుస్తాయి. కాని ఒకే డెల్టాలో, ఒకే విషం, రెండుసార్లు చేతులు మారి పల్లె జనం నోటికి చేరిందంటే అది నేరస్థుల సంగతి ఒక్కటే కాదు. డబ్బా మూత తీసి వున్నదని అర్థం.

పూత పనికి సైనైడు ఎందుకు?

చిలకలపూడి నగ పేరు వినని తెలుగు ఇల్లు లేదు. బందరు పక్కన చిలకలపూడిలో తయారయ్యే రోల్డుగోల్డు గాజులు, గొలుసులు, నాట్యం చేసే వారి ఆభరణాలు దేశమంతా వెళతాయి. ఆడపిల్ల పెళ్ళికి బంగారం కొనలేని తండ్రి పరువు నిలబెట్టిన సరుకు అది. ఇత్తడి మీద, రాగి మీద పలుచగా బంగారు పూత పట్టించడమే అందులోని కిటుకు. బంగారం నీళ్ళలో కరిగేది కాదు. పొటాషియం సైనైడు కలిసిన నీళ్ళలో మాత్రం కరిగి నిలుస్తుంది. ఆ తొట్టిలో నగను వేలాడదీసి కరెంటు పంపితే బంగారం వచ్చి నగకు పడుతుంది. వెండి పూతకు, రాగి పూతకు కూడా ఇదే పద్ధతి ఎంతో కాలంగా వాడుకలో వుంది. కోలారు బంగారు గనుల్లో రాతిపొడి నుంచి బంగారం తీసింది కూడా సైనైడు నీళ్ళతోనే. 2001లో ఆ గనులు మూతపడినా, సైనైడు దిబ్బలని జనం పిలిచే మట్టి గుట్టలు అక్కడ మిగిలిపోయాయి.

కనుక సైనైడు దొంగ సరుకు కాదు. వేలాది కుటుంబాలకు కూడు పెట్టే పనిలో అది ఒక ముడిసరుకు. కంసాలి దుకాణంలో, పూత షెడ్డులో, కాలేజీ ప్రయోగశాలలో దానికి చోటు వుంది. చోటు లేనిది దుకాణం బల్ల మీద, వంటగది అలమారులో, పరాయి వాడి జేబులో.

వంట్లో ఏం చేస్తుంది?

గాలి పీల్చినా ఊపిరాడకుండా చేయడం ఈ విషం గుణం. పీల్చిన ప్రాణవాయువు నెత్తురులో చేరుతుంది గాని, దాన్ని శరీరంలోని కణాలు వాడుకోకుండా సైనైడు అడ్డుపడుతుంది. ముందుగా దెబ్బ తినేవి మెదడు, గుండె. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, ఎగశ్వాస, ఫిట్లు, స్పృహ తప్పడం. ఇదంతా నిమిషాల్లో జరిగిపోవచ్చు. చేదు బాదం వాసన వస్తుందని పుస్తకాల్లో వుంటుంది. పుట్టుకతోనే ఆ వాసన తెలియని వాళ్ళు ఎందరో వున్నారు. వాసన రాలేదు కాబట్టి భయం లేదనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

నోట్లో పడితేనే ప్రమాదం అనుకోవడం మరొక పొరపాటు. సైనైడుకు యాసిడ్ తగిలిందంటే విషవాయువు పుడుతుంది. పూత పనిలో నగను కడగడానికి యాసిడ్ వుంటుంది, పూతకు సైనైడు వుంటుంది. ఒకే గదిలో, చాలాచోట్ల ఒకే బల్ల మీద రెండూ ఆనుకుని వుండడమే ఈ పనిలోని అసలు గండం. కాలు తగిలి ఒక జాడీ ఒరిగినా, యాసిడ్ నీళ్ళూ సైనైడు నీళ్ళూ ఒకే తూములోకి పోయినా, గది నిండా విషం నిండుతుంది. చర్మం గుండా, ముఖ్యంగా గాయాల గుండా కూడా ఇది లోపలికి పోతుంది. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తగిలే వారికి తలనొప్పి, నీరసం, చర్మం మీద దద్దుర్లు, మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి వాయడం వంటివి వస్తాయని వైద్యులు గుర్తించారు.

పనివాడు పాటించవలసినవి

ఈ పనికి ఊళ్ళ నుంచి పదో తరగతి తప్పిన కుర్రాళ్ళు వెళుతున్నారు. షావుకారు చెప్పకపోయినా వారి తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని వున్నాయి. సైనైడును పొడిగా వుండే చోట, విడి బీరువాలో, తాళం వేసి వుంచాలి. యాసిడ్ వేరే గదిలో వుండాలి. డబ్బా మీద పేరు, పుర్రె గుర్తు చెరగకుండా వుండాలి. సైనైడు నీళ్ళను మంచినీళ్ళ సీసాలోకో, కూల్‌డ్రింకు సీసాలోకో వంపకూడదు. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, గాలిని బయటికి లాగే ఫ్యాను తప్పనిసరి. ఆ గదిలో అన్నం తినడం, బీడీ కాల్చడం, కిళ్ళీ వేయడం కూడదు. ఒంటరిగా పని చేయకూడదు. చేతులు, మొహం సబ్బుతో కడుక్కుని, పని బట్టలు అక్కడే విడిచి ఇంటికి రావాలి. ఖాళీ డబ్బా బాగుంది కదా అని నీళ్ళు పట్టుకోవడానికో, కందిపప్పు పోసుకోవడానికో ఇంటికి తేవడం అన్నింటి కంటే పెద్ద తప్పు.

ఎవరైనా పడిపోతే, చూసిన వారు ఒక్క ఉదుటున లోపలికి పరుగెత్తరాదు. లోపల వాయువు వుంటే కాపాడబోయిన వాడే రెండో శవం అవుతాడు. తలుపులు కిటికీలు బార్లా తెరవాలి. తనకు ప్రమాదం లేదనుకుంటేనే మనిషిని ఆరుబయటికి తేవాలి. తడిసిన బట్టలు తీసేసి, ఒంటి మీద ధారగా నీళ్ళు పోయాలి. నోటిలో నోరు పెట్టి ఊదకూడదు. చింతపండు రసం, ఉప్పు నీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చేయకూడదు. 108కు ఫోను చేసి "సైనైడు" అన్న మాట స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడం వల్ల డాక్టరుకు దక్కే నిమిషాలే ప్రాణం.

ఎందుకంటే ఈ విషానికి విరుగుడు వుంది. సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు, హైడ్రాక్సోకోబాలమిన్ అనే సూది మందులు వున్నాయి. ఇందులో థయోసల్ఫేటు పల్లెటూరికి కొత్తది కాదు. పాత ఫోటో స్టూడియోల్లో ఫిల్ము కడిగిన హైపో అదే. నాము తగిలిన గేదెకు పశువుల డాక్టరు ఇచ్చే సూదిలో మందు కూడా అదే. గేదెకు దొరికే విరుగుడు, సైనైడుతో పని చేసే మనిషికి అతని ఊరి ఆసుపత్రిలో దొరకాలని కోరడం అత్యాశ కాదు. బందరు, విజయవాడ, తెనాలి, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు నిత్యం నిలవ వున్నాయో లేదో జిల్లా వైద్యాధికారులు చూసి ప్రజలకు చెప్పాలి.

కాలువ కింద వూళ్ళ మాట

పూత తొట్టి కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నది ఇంకొక సంగతి. బ్యారేజి దగ్గర నుంచి బయలుదేరే బందరు, రైవస్, ఏలూరు కాలువలు పొలాలకే కాదు, దిగువ వూళ్ళ మంచినీటి చెరువులకు కూడా ఆధారం. చేపల చెరువులు సరేసరి. సైనైడుకు మనిషి కంటే చేప ముందు చస్తుంది. 2000 జనవరి 30న రుమేనియా దేశంలో బయామారే అనే చోట బంగారం తీసే కర్మాగారం కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీళ్ళు నదిలో కలిశాయి. అది సరిహద్దు దాటి హంగేరీలో తీసా నది వెంబడి చేపలను చంపుకుంటూ పోయింది. మన పూత షెడ్లకు అంత నీరు లేదు, నిజమే. కాని మురుగు తూము, కాలువ, చెరువు వరుసగా వున్న డెల్టాలో కొద్ది నీటికి కూడా లెక్క వుండాలి. ఆ నీటిలోని సైనైడును సున్నంతో, క్లోరిన్ మందుతో విరిచి హాని లేకుండా చేసే పద్ధతి వుంది. అయితే తెలిసిన వారు కొలత ప్రకారం చేయాలి. తెలియక చేస్తే మళ్ళీ విషవాయువే పుడుతుంది. చిన్న షెడ్డువాడికి ఇది ఒంటరిగా అయ్యే పని కాదు.

చట్టం వుంది, లెక్క ఏదీ?

విషాలను అమ్మే వాడికి లైసెన్సు వుండాలని, ఎవరికి ఎంత అమ్మాడో రిజిస్టరులో రాయాలని, భద్రంగా దాచాలని నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు 1919 నాటి విషాల చట్టమే ఇచ్చింది. చట్టం వయసు నూరేళ్ళు దాటింది. ఆడపిల్లల మీద యాసిడ్ దాడులు చూసి సుప్రీంకోర్టు 2013 జూలైలో, యాసిడ్ కొనేవాడి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు, ఎందుకు కొంటున్నదీ రాయనిదే అమ్మరాదని ఉత్తరువు ఇచ్చింది. యాసిడ్‌కు వున్నపాటి కట్టుబాటు అంతకంటే గుట్టుగా చంపే సైనైడుకు వుండవద్దా?

ఇక్కడ పూత పనివారి మాట కూడా వినవలసి వుంది. రిజిస్టరు అంటే అధికారుల రాకపోకలు, వచ్చినప్పుడల్లా చేయి తడపడం అని వారి భయం. సైనైడు ఆపితే పొయ్యి ఆరిపోతుందని వారి బాధ. ఈ రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. ఎవడో దుర్మార్గుడు చేసిన పనికి చిలకలపూడి మీద నింద వేయడం కూడా న్యాయం కాదు. అయితే కొండరాళ్ళ క్వారీలో పేలుడు తూటాలకు ఒక్కొక్కదానికి లెక్క రాస్తున్నారు. ఆ లెక్క వల్ల క్వారీలు మూతపడలేదు. సైనైడుకు కూడా అదే దారి.

పనివారు తామే సహకార సంఘంగా ఏర్పడి, సైనైడును సంఘం పేరనే కొని, ఒకే గోదాములో తాళం వేసి, ఏ రోజు పనికి ఆ రోజు తూకం వేసి ఇచ్చి సంతకం తీసుకుంటే, ఇంటింటా డబ్బా వుండే అవసరమే పోతుంది. అధికారి తనిఖీ చేయవలసింది నూరు షెడ్లను కాదు, ఒక్క పుస్తకాన్ని. ఆ సంఘం దగ్గరే వాడిన నీళ్ళను శుద్ధి చేసే తొట్టి, విరుగుడు మందు, శిక్షణ పొందిన మనిషి వుండవచ్చు. సైనైడు లేకుండా సల్ఫైటుతో బంగారు పూత పెట్టే పద్ధతులు కూడా వున్నాయి. అవి ఖర్చుతో, నేర్పుతో కూడినవి గనుక వాటికి శిక్షణ, అప్పు సమకూర్చే భారం ప్రభుత్వం తీసుకోవాలి. విజయవాడలోని పూత దుకాణాలకూ ఇదే వర్తించాలి.

ఇక పల్లె ప్రజల వంతు. నేలలో నిధి వుందని, చెంబు బియ్యాన్ని లాగుతుందని చెప్పి, డబ్బూ నగలూ తీసుకుని ఒంటరిగా రమ్మనే వాడు ఏ ప్రసాదం పెట్టినా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకోకూడదు. నిన్నటి దాకా చెంగున తిరిగిన మనిషి దెబ్బ లేకుండా కుప్పకూలి, అతని వెంట వున్న డబ్బో నగో కనబడకపోతే, పరువు పోతుందని తొందరపడి దహనం చేయకుండా పోలీసులకు చెప్పి పోస్టుమార్టం అడగాలి. ఆ పని ముందే జరిగి వుంటే 2019 నాటి జాబితాలో కొన్ని పేర్లు చేరేవి కావేమో.

లేత జొన్న చేనికి రైతు కంచె వేసి గేదెను కాపాడుకుంటున్నాడు. అదే విషం వున్న డబ్బాకు తాళం, తాళానికి లెక్క, ఆ లెక్కకు జవాబుదారీ ఏర్పాటు చేయవలసిన బాధ్యత ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, ఏలూరు జిల్లాల అధికారుల మీద వుంది. మూడో కేసు వచ్చే దాకా ఆగనక్కరలేదు.